ముడుల మాష్టారి విమానాలు

మా ఆఫీసులో ముడుల మాష్టారి ముందు పొరపాటున కూడా ఊరి పేరు ఎత్తకూడదు. ఎత్తారా, ఇక అయిపోయారే. చొక్కా జేబులోంచి తెల్ల దారం తీస్తారు. బల్ల మీది గ్లోబును తనవైపు తిప్పుకుంటారు. దారం ఒక కొసను మీరున్న చోట బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొసను మీరు నోరుజారిన ఊరిదాకా లాగుతారు. దారం పొడవునా ముడులుంటాయి. ముడికి ఐదు వందల కిలోమీటర్లు. పెదాలు కదుపుతూ ముడులు లెక్కపెట్టి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "పదహారు వందల కిలోమీటర్లు. విమానంలో రెండున్నర గంటలు" అని తీర్పు చెబుతారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, మాష్టారు అడక్కుండానే వడ్డించే రకం.

మాది విమానం టికెట్లు అమ్మే ఆఫీసు. ఊరి పేరు ఎత్తకుండా టికెట్టు కొనడం ఎవరికీ చేతకాదు కాబట్టి ఆయన దారానికి రోజంతా చేతినిండా పనే. ఇరుకైన గది, రెండు బల్లలు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి మూడు కుర్చీలు, వెనక స్టాంపులూ కవర్లూ పడేసే చిన్న గది, పక్కన మా యజమాని కూర్చునే అద్దాల గది. కిటికీ పక్క బల్ల మాష్టారిది. దాని మీద గ్లోబు, ఫోను. తలుపు పక్క బల్ల నాది. దాని మీద కంప్యూటరు. ఆ కంప్యూటరులో ఒక మీట నొక్కితే ఏ రెండు విమానాశ్రయాల మధ్య దూరమైనా, పట్టే టైమైనా కనపడుతుంది. ఆ సంగతి మాష్టారికి చెప్పి చూశాను.

"అది చెప్తుందమ్మాయ్, కాదన్ను. కానీ కొలవదుగా!" అన్నారు.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కారు. గ్లోబు ముందు పెట్టుకుని దారంతో కొలిచే మనిషిని మాష్టారని కాక ఇంకేమని పిలుస్తాం? ఆయన సూత్రం కూడా పాఠంలాగే ఉండేది. కిలోమీటర్లను ఎనిమిది వందలతో భాగిస్తే గంటలు. పైకి లేవడానికీ కిందికి దిగడానికీ కలిపి ఓ అరగంట. అంతే, విమానం దిగినట్టే. నేను చేరిన మొదటి వారంలోనే ఈ సూత్రం నా మీద ప్రయోగించారు. ఆయన మా హాస్టలు ఎక్కడని అడిగితే, ఆఫీసుకు ఆరు కిలోమీటర్లని చెప్పాను.

"విమానంలో ఇరవై ఏడు సెకన్లు" అన్నారు.

"బస్సులో నలభై నిమిషాలు పడుతోంది మాష్టారూ."

"లేవడానికీ దిగడానికీ అరగంట కలుపు. విమానంలో వచ్చినా నీకు మిగిలేది పది నిమిషాలేగా! బస్సే నయం."

మరోసారి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. అబ్బాయికి సముద్రం కావాలి, అమ్మాయికి కొండలు కావాలి. నా బల్ల ముందు కూర్చుని గుసగుసలతో మొదలుపెట్టి గొంతులు పెంచేదాకా వచ్చారు. పక్క బల్ల మీద దారం అప్పుడే రెండు వైపులా తిరిగొచ్చింది. మాష్టారు గొంతు సవరించుకున్నారు.

"సముద్రం మూడున్నర గంటలు. కొండలు రెండుంబావు."

"మేం వెళ్ళేది లెక్కలు చేసుకోడానికి కాదండీ" అంది అమ్మాయి.

"నిజమేనమ్మా. కానీ ఇప్పుడు మీరున్న ఊపు చూస్తే పక్కపక్క సీట్లలో గంటాపావు ఎక్కువ కూర్చోడం మంచిదేనా అని ఆలోచిస్తున్నా."

ఇద్దరూ నవ్వేశారు. కొండలకు టికెట్లు తీసుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు. నాకు ఆ రోజుల్లో దేనికీ నవ్వు వచ్చేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. అన్నగారు పోయారని కబురొచ్చి ఓ పెద్దమనిషి టికెట్టుకు వచ్చాడు. ఊరి పేరు ఒక్కటే చెప్పి తల వంచుకున్నాడు. ఇప్పుడైనా ఊరుకుంటారేమో అనుకుంటే, మాష్టారు దారం తీయనే తీశారు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మెల్లిగా, "మూడు గంటలండీ. కిటికీ సీటు రాయిస్తాను. ఆ మూడు గంటలూ ఎవరూ మిమ్మల్ని పలకరించరు, ఏ పనీ చెప్పరు. అటు తిరిగి ఏడవాలంటే ఏడవచ్చు. దిగాక ఎలాగూ మీరే అందరినీ ఊరుకోబెట్టాలిగా" అన్నారు. ఆ పెద్దమనిషి లేచి మాష్టారి చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయాడు. నా మంట అక్కడే చల్లారింది.

ఇంతా చేసి మాష్టారు జన్మలో విమానం ఎక్కలేదు. ఒకసారి అడిగాను.

"ఎక్కి ఎవరింటికి వెళ్ళనమ్మాయ్?" అన్నారు నవ్వుతూ. వేళాకోళమనుకున్నాను.

ఇక నా సంగతి. ఉద్యోగం కోసం ఆ ఊరు వచ్చాను. నాకక్కడ తెలిసిన ముఖం ఒక్కటి లేదు. హాస్టల్లో నాది గోడకెదురుగా కిటికీ ఉన్న గది. గదిలో ఇంకో అమ్మాయి ఉండేది గానీ, ఆమె డ్యూటీ వేళలు వేరు, నా వేళలు వేరు. ఆమె చెప్పులతోనే నాకు పరిచయం. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రందాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. సోమవారం బస్సులో టికెట్టు అడిగితే ఆ మొదటి మాట గొంతులోంచి బొంగురుగా వచ్చేది. అక్కకు ఫోన్ చేస్తే "బావున్నాను" అనేదాన్ని. బావుండడమంటే ఏమిటో నాకే తెలియదు.

ఆఫీసులో మధ్యాహ్నం మూలకు తిరిగి కూర్చుని డబ్బా విప్పేదాన్ని. చేరిన రోజే మాష్టారు తన డబ్బా పట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చున్నారు. మా ఊరేదని అడిగారు. చెప్పగానే లేచివెళ్ళి, సొరుగులోంచి ఎర్ర దారం ఒకటి తీసుకొచ్చారు.

"తెల్లది డ్యూటీ దారం. భోజనం వేళ దానికీ కాస్త విశ్రాంతి కావాలి" అని చెప్పి, కొలిచి, "తొమ్మిది వందల కిలోమీటర్లు. గంటా ముప్ఫై ఏడు నిమిషాలు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మా ఊరి దూరం నాకు తెలియదా? వచ్చేముందు నాలుగుసార్లు చూసుకున్నాను. "తప్పు మాష్టారూ. ఎనిమిది వందలు. గంటన్నర."

"అలాగా? దారం అబద్ధం చెప్తుందా?"

"దారం కాదు, మీ లెక్క చెప్తోంది."

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం ఏదో ఒక ఊరు కొలిచేవారు. నేను వేళ్ళు కడుక్కోకుండానే పరుగెత్తి కంప్యూటరులో చూసి, "మళ్ళీ తప్పే!" అనేదాన్ని. ఆయన తల పట్టుకునేవారు, దబాయించేవారు, చివరకు ఓడిపోయేవారు. పొద్దున టికెట్లకు వచ్చేవాళ్ళకు చెప్పే టైములు నిమిషం తేడా రాకుండా సరిపోయేవి కదా, మధ్యాహ్నానికి ఈయనకేమవుతుంది అనుకునేదాన్ని. తిండి వేళకు బుర్ర మందగిస్తుంది కాబోలని సరిపెట్టుకున్నాను. లెక్కల్లో ఆయన్ని మించిపోయానని మా అక్కకు ఫోన్లో గొప్పగా చెప్పాను కూడా.

కాకపోతే మాష్టారి తప్పులు నా ఒక్కదానితో ఆగలేదు. ఫోన్లో టైము అడిగేవాళ్ళు కొందరుండేవాళ్ళు. రోజు గడిచేసరికి వాళ్ళ దగ్గర్నుంచి తిట్లు వచ్చేవి. వాళ్ళలో ఒకావిడ రిటైరైన నర్సు. ఆవిడ తమ్ముడు ఓడలో వంటవాడు. ఏ రేవులో ఓడ ఎక్కాలో ఆ ఊరికి అతన్ని విమానంలో పంపుతారు. దిగగానే అక్కకు ఫోన్ చేస్తాడు.

"ఆరు గంటల ఏడు నిమిషాలన్నారు మీరు! ఐదున్నర గంటల్లోనే దిగి ఫోన్ చేశాడు మావాడు! ఇదేం లెక్కండీ?" ఆవిడ గొంతు నా బల్లదాకా వినపడేది.

"ముసలి బుర్ర తల్లీ, ఏం చేయను?"

విమానం ముందు దిగిందని ఫిర్యాదు చేసేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ ఫిర్యాదు అరగంట సాగేది. రెండో ఆయన రిటైరైన రైలు గార్డు. ప్రతి బుధవారం ఏదో ఒక విమానం టైము అడిగేవాడు. గురువారం పది గంటలకు ఫోన్ చేసి ఎన్ని నిమిషాలు తేడా వచ్చిందో చెప్పి, రైలు గొప్పదా విమానం గొప్పదా అన్న వాదన పెట్టుకునేవాడు. అది చాలక ఉత్తరం కూడా రాసేవాడు. మూడో ఆయన పుస్తకాలు బైండు చేసేవాడు. ఆయనకు విమానాల్లో వెళ్ళే బంధువులెవరూ ఉన్నట్టు లేదు. అయినా తిట్టేవాడు.

మా యజమాని చెడ్డవాడు కాదు. ఫైళ్ళ మనిషి. అద్దాల గదిలోంచి ఇదంతా చూస్తూ, ఫిర్యాదులకు ఒక ఫైలు తెరిచాడు. అది లావెక్కింది. ఒకరోజు నన్ను లోపలికి పిలిచాడు.

"మాష్టారికి వయసైపోయింది. ఇన్ని తప్పులు చెప్పే మనిషిని ఫోను దగ్గర కూర్చోబెడితే ఆఫీసు పరువు పోతుంది. నెలాఖరుకి ఇంటికి పంపేద్దాం. అప్పటిదాకా వెనక గదిలో కవర్లకి స్టాంపులు అంటించమను. ఫోను నువ్వు చూసుకో."

మాష్టారు ఎదురు చెప్పలేదు. ఫోను, గ్లోబు మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. సొరుగులోని ఎర్ర దారం, జేబులోని తెల్ల దారం కూడా తీసి పక్కన పెట్టారు. జేబు మీద ఒకసారి చెయ్యి వేసి చూసుకుని వెనక గదిలోకి వెళ్ళారు. నిజం చెప్పాలంటే నాకప్పుడు జాలి వేయలేదు. లెక్క సరిగా వచ్చినవాళ్ళకే ఫోను దక్కాలి కదా అనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను అందరికీ కంప్యూటరు చూసి చెప్పాను. వెంట్రుకవాసి తేడా లేదు. మర్నాడు నర్సుగారు ఫోన్ చేశారు.

"ఐదున్నర అన్నావు. ఐదున్నరకే దిగాడు."

"అవునండీ."

"అంతేనా?"

"అంతేనండీ."

"సరే తల్లీ, ఉంటాను మరి" అని పెట్టేశారు.

గార్డుగారు ఫోన్ చేసి, "రెండున్నర. కరెక్టే" అన్నారు తిట్టినట్టు. "ఇప్పుడు నేనేం మాట్లాడాలి?" అని నన్నే అడిగారు. నాకూ తెలియలేదు. బైండరు అసలు ఫోన్ చేయడమే మానేశాడు. రెండు వారాల్లో ఆ ఫోను మూగబోయింది. మాష్టారు భోజనం కూడా వెనక గదిలోనే చేస్తున్నారు. నేను మళ్ళీ మూలకు తిరిగి తింటున్నాను. ఓ సోమవారం బస్సులో కాదు, ఆఫీసులోనే నా గొంతు బొంగురుగా వచ్చింది. మంగళవారం కూడా.

ఆ మధ్యాహ్నం ఏమీ తోచక ఎర్ర దారం తీసి మా ఊరిదాకా లాగి చూశాను. తొమ్మిది వందలు వచ్చింది. నర్సుగారి తమ్ముడి రేవు కొలిచాను. నాలుగు వేలకు నాలుగున్నర వేలు వచ్చింది. అయితే మాష్టారి లెక్క తప్పు కాదు, దారమే తప్పన్నమాట! తెల్ల దారం పక్కన పెట్టి చూశాను. తెల్లదాంట్లో ఎనిమిది ముడులున్న చోట ఎర్రదాంట్లో తొమ్మిదున్నాయి. చెయ్యి వణికి పడిన ముడులు కావవి. స్కేలు పెట్టి, ప్రతి ముడీ ఒకే కొలతకు, నిక్కచ్చిగా తప్పుగా వేసినవి.

రెండు దారాలూ పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాను. ఆయన తడి స్పాంజి మీద స్టాంపు అద్దుతున్నారు.

"ఏమిటి మాష్టారూ ఇది?"

ఆయన ఎర్ర దారం చూసి, దొంగ దొరికిపోయినట్టు నవ్వారు. "తెల్లదాంతో కొలిస్తే ఏమవుతుందమ్మాయ్? 'థాంక్సండీ' అంటారు, పెట్టేస్తారు. పది సెకన్లు. ఎర్రదాంతో కొలిస్తే మర్నాడు మళ్ళీ చేస్తారు, తిట్టడానికి. తిట్టడం మొదలుపెట్టిన మనిషి అంత తొందరగా ఆపడు. మధ్యలో మోకాళ్ళ నొప్పులు వస్తాయి, పక్కింటివాళ్ళ కుక్క వస్తుంది, చిన్నప్పటి సంగతులు వస్తాయి. అరగంట ఇట్టే గడిచిపోతుంది."

"తప్పే చెప్పాలనుకుంటే తక్కువైనా చెప్పొచ్చుగా? ఎప్పుడూ ఎక్కువేనా?"

"అమ్మమ్మా, తక్కువ చెప్పకూడదు! చెప్పిన టైముకి విమానం దిగకపోతే ఆ నర్సమ్మ ఒక్కతీ ఇంట్లో కూర్చుని ఎంత భయపడుతుంది? ఎక్కువ చెప్తే ముందే దిగుతుంది. సంతోషానికి సంతోషం, తిట్లకి తిట్లు."

"ఎవరికే దారమో ఎలా తెలుస్తుంది మీకు?"

"టైము చెప్పాక కూడా ఫోను పెట్టేయడానికి కొందరికి మనసొప్పదు. 'ఊఁ... ఇంకా?' అంటారు. వాళ్ళకి ఎర్రది."

అప్పుడు తట్టింది నాకు.

"మరి నాకు?"

ఆయన ఇంకో స్టాంపు అంటించారు. అది వంకరగా పడింది. "మొదటిరోజు నువ్వు మూలకి తిరిగి తిన్నావమ్మాయ్. డబ్బా మూత పెట్టేదాకా ఎవరివంకా చూడలేదు."

ముందు కోపమొచ్చింది. ఐదు నెలలుగా నేను గెలుస్తున్నాననుకుంటే, ఆయన గెలిపిస్తున్నారు! తర్వాత, ఆ ఐదు నెలల్లో నేను నోరు విప్పి మాట్లాడిన మాటలన్నీ ఆ గెలుపుల్లోవే అని గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక సరాసరి యజమాని గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను.

యజమాని కుర్చీలోంచి లేచాడు. "ఏమిటీ, కావాలనే తప్పులు చెప్పాడా? నేనింకా మతిమరుపనుకున్నా! ఇది ఇంకా ఘోరం!"

చేసిన మంచి బూడిదలో పోసిన పన్నీరయింది. నెలాఖరుకి ఇక మూడు రోజులే ఉంది. నా బల్ల దగ్గరికొచ్చి, ముందు గార్డుగారికి ఫోన్ చేశాను. మాష్టారిని పంపేస్తున్నారని చెప్పాను.

"ఎందుకు?" అన్నారాయన.

"మీ ఫిర్యాదుల వల్లేనండీ."

"రేపు పది గంటలకి మీ యజమాని ఉంటాడా?" అన్నారు. తర్వాత నర్సుగారికీ బైండరుకీ కూడా అదే కబురు చెప్పాను.

మర్నాడు సరిగ్గా పదికి తలుపు తెరుచుకుంది. గార్డుగారు, నర్సుగారు, బైండరు. ఒకరి ముఖం ఒకరు ఎరగరు. తలుపు బయటే పరిచయాలయ్యాయట. ముగ్గురూ వరసగా మా యజమాని ముందు నిలబడ్డారు.

"ఫిర్యాదు చేయడానికొచ్చాం" అన్నారు గార్డుగారు.

యజమాని ఫైలు తీశాడు. "చెప్పండి. ఎంత తేడా వచ్చింది?"

"తేడా లేదు. అదే ఫిర్యాదు. ఈ అమ్మాయి అన్నీ సరిగ్గా చెప్తోంది."

యజమాని కలం గాల్లోనే ఆగింది. "సరిగ్గా చెప్తోందని... ఫిర్యాదా?"

"రాసుకోండి" అన్నాడు బైండరు. "రెండు వారాలుగా మా ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు."

"చూడండి, మాష్టారు మీకు కావాలనే తప్పు టైములు..."

"తెలుసు" అన్నారు గార్డుగారు. "ముప్ఫై ఏళ్ళు రైలుకి పచ్చజెండా ఊపినవాణ్ణి. టైము నాకొకడు చెప్పాలా?"

"నలభై ఏళ్ళు నాడి చూసినదాన్ని" అన్నారు నర్సుగారు. "ఆయన గొంతులో ఏది అబద్ధమో నాకు తెలియదా? పాపం, అంత కష్టపడి తప్పు చెప్తుంటే తిట్టకపోతే ఏం బావుంటుంది?"

వెనక గది గుమ్మంలో మాష్టారు వేలికి స్టాంపు అంటుకుని నిలబడ్డారు. చెవులదాకా ఎర్రబడ్డారు. అన్నాళ్ళుగా తాను వాళ్ళని కనిపెట్టుకుని ఉన్నానని ఆయన అనుకుంటుంటే, వాళ్ళు ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నారు.

యజమాని ఫైలు వంక చూశాడు, ముగ్గురి వంక చూశాడు. ఇలాంటి ఫిర్యాదుకు ఫైల్లో గడి లేదు. "ఫోను మళ్ళీ మాష్టారి బల్ల మీదే పెట్టండి. ఇకమీదట ఫిర్యాదులు మాత్రం నాకు చూపించకండి" అన్నాడు. ఆ ఫైలు నాకిచ్చేశాడు. గార్డుగారు వెళ్తూ వెళ్తూ బుధవారం ఫోన్ చేస్తానని అందరికీ వినపడేలా చెప్పి వెళ్ళారు.

ఆ ఆదివారం హాస్టల్లో మంచం మీద కూర్చుని గోడ చూస్తుంటే ఒక సంగతి తోచింది. అందరికీ ఎర్ర దారం పట్టే మనిషికి ఎర్ర దారం పట్టేదెవరు? ఆదివారం ఆఫీసు ఉండదు. గార్డుగారి దగ్గరున్నది ఆఫీసు నంబరే. మాష్టారిది అద్దె గది, ఆయన ఒక్కరే. ఎవరింటికి వెళ్ళను అన్నది వేళాకోళం కాదని అప్పటికి నా మట్టిబుర్రకు ఎక్కింది. పొద్దున పదకొండు గంటలకు ఆయనకు ఫోన్ చేశాను. నాలుగైదుసార్లు మోగాక ఎత్తారు. "ఎవరూ?" అన్నారు. ఆ గొంతు బొంగురుగా ఉంది. నాకు బాగా తెలిసిన బొంగురు అది.

"నేనే మాష్టారూ. ఏం లేదు" అని, తోచిన రెండు ఊళ్ళ పేర్లు చెప్పాను. "వాటి మధ్య టైము చూశాను. గంటన్నర పడుతుంది."

"ఎంతన్నావ్?"

"గంటన్నర. కంప్యూటరు చెప్పింది."

ఆయనకు అర్థమైపోయిందనే అనుకున్నాను. చిన్న దగ్గు వినిపించింది. కుర్చీ లాక్కున్న చప్పుడు కూడా వినిపించింది.

"తప్పు!" అన్నారు మాష్టారు. "నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు! గంటా ఆరు నిమిషాలు! నీకు భాగహారం ఎవరు నేర్పారమ్మాయ్? అసలు మొన్న కూడా..."

నేను ఒప్పుకోలేదు. ఆయన వదల్లేదు. మధ్యలో ఆయన మోకాలి నొప్పి వచ్చింది, మా హాస్టలు కిటికీ వచ్చింది, మా అక్క వచ్చింది, ఆయన చిన్నప్పుడు డాబా మీద పడుకుని లెక్కపెట్టిన విమానాలు వచ్చాయి. ఆ రెండు ఊళ్ళ మధ్య విమానం గంటా ఆరు నిమిషాలే. మా గొడవ మాత్రం గంటాపావు పట్టింది.